మెంతులు, కాకర, పొడపత్రి వాడితే షుగరు మాత్రలు మానొచ్చా?

అడిగిన సంగతి క్లుప్తంగా: నాన్నగారిది నరసన్నపేట దగ్గర పల్లె, వయసు 58, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 8.2. షుగరు మాత్రలు పొద్దున గ్లిమిపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడూ చేయించలేదు. చుట్టాలు తలో మాటా చెబుతున్నారు: మెంతులు, కాకర రసం, పొడపత్రి, నేరేడు గింజల పొడి, చోడి (రాగి) అంబలి. ఒకాయన 90 రోజుల్లో షుగరు పోగొట్టే పౌడరు ఇస్తానన్నాడట. ఏది వాడాలి, మాత్రలు ఎప్పుడు మానాలి?

మాత్రలు మానడం గురించి ఇప్పుడు ఆలోచించకండి. 8.2 అంటే మూడు నెలల సగటు ఇంచుమించు 189. మీరు రాసిన జాబితాలో ఏ ఒక్కటీ ఆ 8.2ని తనంతట తాను 7కి దించేంతది కాదు. తగ్గే అవకాశం ఎక్కువగా అన్నం కంచంలో ఉంది. అందుకే ఎవరేం చెప్పినా నేను వేసే మొదటి ప్రశ్న ఒకటే: ఇది అన్నానికి బదులా, అన్నం మీద అదనమా?

ఈ ప్రశ్నకు మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 40 మంది షుగరు రోగుల మీద పచ్చి పనసకాయ పిండిని పరీక్షించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందికి రోజుకు 30 గ్రాముల పనస పిండి, సగం మందికి మామూలు పిండి, 12 వారాలు. రెండు గుంపులవాళ్ళూ అంతే కొలత అన్నమో గోధుమో తగ్గించి ఇది తిన్నారు. పనస పిండి తిన్నవాళ్ళకి హెచ్‌బీఏ1సీ సగటున 0.25 తగ్గింది, రెండో గుంపులో దాదాపు మారలేదు. తగ్గుదల నిజమే, కానీ చిన్నది. పరిశోధన రాసినవాళ్ళలో ఆ పిండి అమ్మే సంస్థ స్థాపకుడూ ఉన్నాడు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. ఇంట్లో పనసపొట్టు కూర వండినా ఇదే సూత్రం: కూర ఒక కప్పు పెరిగితే అన్నం ఒక కప్పు తగ్గాలి. పండిన పనస తొనలు వేరే సంగతి, అవి తీపే.

చోడి అంబలి దగ్గర మనవాళ్ళు ఎక్కువ మోసపోతారు. నూరు గ్రాముల చోళ్ళలో పిండిపదార్థం 67 గ్రాముల దాకా, పాలిష్ బియ్యంలో 78. తేడా అంతే. చోళ్ళలో పీచు ఎక్కువ, అసలు మేలు అక్కడుంది. కానీ పిండి మెత్తగా ఆడించి, బియ్యపు నూకలు కలిపి, జావగా ఉడికించి చెంబెడు తాగితే నమలడం ఉండదు, చకచకా దిగిపోతుంది, షుగరూ అంతే వేగంగా లేస్తుంది. నూకలు మానేయండి. మనిషికి 30 గ్రాముల పిండి, అంటే మూడు టేబుల్‌స్పూన్లు. చల్లారాక మజ్జిగ కలిపి పచ్చి ఉల్లిపాయతో తాగాలి. ఆ పూటకి అదే టిఫిను, పక్కన ఇడ్లీలు ఉండకూడదు. అంబలి కన్నా చోడి రొట్టె మేలు. గంటెలు (సజ్జలు), సామలు, కొర్రలకూ ఇదే లెక్క. తాటి బెల్లం పంచదార కన్నా మంచిదన్న మాట మాత్రం వదిలేయండి, షుగరు విషయంలో రెండూ ఒకటే.

మెంతులు వాడదగ్గవే. పని చేసేది గింజలోని జిగురు పీచు. రాత్రి నానబెట్టి పొద్దున నీళ్ళు మాత్రం తాగి గింజలు పారబోసేవాళ్ళు అసలు సరుకు పారబోస్తున్నట్టే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరీక్షల్లో వాడింది రోజుకు 25 గ్రాములు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ. టీస్పూనులో పట్టేది 4 గ్రాములే. చిటికెడు వేసుకుని ఫలితం లేదనడంలో అర్థం లేదు. మొదటి వారం ఒక టీస్పూను, తర్వాత వారానికో టీస్పూను పెంచుకుంటూ మూడు నాలుగు దాకా వెళ్ళొచ్చు. నానిన గింజలు నమలొచ్చు, పొడి మజ్జిగలో కలపొచ్చు. ఒకేసారి పెంచితే కడుపుబ్బరం, విరేచనాలు. ఆ జిగురు మాత్రల్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి మందులకీ మెంతులకీ కనీసం గంట ఎడం ఉండాలి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

కాకరని కూరగా తినండి. బెల్లం వేసి వండితే చేసిన పని వృథా. పరగడుపున రసం తాగించడం నాకిష్టం లేదు, మీ నాన్నగారికైతే అసలు వద్దు. గ్లిమిపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. దానికి తోడు కాకర రసం పడి, టిఫిను ఆలస్యమైతే షుగరు 70 కిందికి పోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మొదలైతే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పొడపత్రి ఆకు నమిలితే కాసేపు తీపి రుచి తెలీదు, స్వీట్లు మానలేనివాళ్ళకి ఆ మేరకు పనికొస్తుంది. నేరేడు గింజల పొడికి గట్టి ఆధారం తక్కువ. దాల్చినచెక్క రోజూ స్పూన్లకొద్దీ మింగితే అందులోని కూమరిన్ అనే పదార్థం కాలేయానికి మంచిది కాదు.

ఆ 90 రోజుల పౌడరు ముట్టుకోవద్దు. ఇలా మూలికల పేరుతో అమ్మేవాటిలో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగరు మాత్రలే పొడిచేసి కలిపిన సంఘటనలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. షుగరు టక్కున తగ్గితే చాలాసార్లు మహిమ అదే. ఇక భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. మన జిల్లాలో కంచిలి, కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళలో గ్లిమిపిరైడ్ ప్రభావం కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి ఏ పొడీ మొదలుపెట్టకముందే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (ప్రొటీన్) పరీక్ష చేయించండి. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే పనస, కొబ్బరినీళ్ళ లాంటి పొటాషియం ఉన్నవాటికి కూడా డాక్టరు మాటే కొలత.

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే విటమిన్ బి12 పరీక్షకి పెట్టండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గుతుంది, అరికాళ్ళ తిమ్మిర్లని షుగరు వల్లే అనుకుని వదిలేస్తారు.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు వారాలు అదే టిఫిను, అదే మాత్ర ఉంచి, వారానికి మూడు రోజులు పరగడుపున, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసి కాగితం మీద రాయండి. పరగడుపు అంకె ఒక్కటే చూస్తే అంబలి చేసే పని కనబడదు. ఆ కాగితంతో వెళ్తే గ్లిమిపిరైడ్ తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు తేలిగ్గా చెప్పగలరు.