సంతకం పెట్టే ముందు జెర్సీ నంబరు అడుగు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. సిడ్నీ పారమట్టాలో రగ్బీ లీగ్ ఆడుతూ పెరిగిన నిన్ను, రగ్బీలో రెండో రకమైన యూనియన్ ఆడే క్లబ్ పిలిచిందంటే చిన్న విషయం కాదు. అయినా సంతకం పెట్టే ముందు, రెండు ఆటల కుర్రాళ్ల భుజాలూ మోకాళ్లూ చూసిన ఫిజియో మామయ్య మాట కాస్త విను.

డబ్బు సంగతి తర్వాత. ముందు ఏ నంబరు జెర్సీ, అంటే ఏ స్థానం, ఇస్తారో తేల్చుకో. "సెంటరో, ఫ్లాంకరో వచ్చాక చూద్దాం" అన్నారట. సెంటర్ అంటే వెనక వరసలో మధ్యన బంతితో పరిగెత్తేవాడు, ఫ్లాంకర్ అంటే ముందు నిలబడి బంతి కోసం పోరాడే ఫార్వర్డ్. నా టెన్షన్ అంతా అక్కడే. నీలాగే లీగ్ ఫార్వర్డ్ అయిన సామ్ బర్జెస్ సంగతి తెలుసుగా. 2014 లీగ్ గ్రాండ్ ఫైనల్ మొదట్లోనే చెంప ఎముక విరిగినా చివరిదాకా ఆడి తన క్లబ్ సౌత్ సిడ్నీని గెలిపించిన మొండిఘటం. ఆ వెంటనే ఇంగ్లండ్‌లోని యూనియన్ క్లబ్ బాత్‌కి వెళ్లాడు. క్లబ్ అతన్ని ఫ్లాంకర్‌గా తయారు చేస్తుంటే, 2015 యూనియన్ ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ సెంటర్‌గా దించింది. జట్టు గ్రూప్ దశలోనే ఓడిపోతే తిట్లు మాత్రం అతనికి. ఆ ఏడాది చివర్లోనే సిడ్నీకి తిరిగొచ్చేశాడు. తప్పు అతనిది అంటే నేనొప్పుకోను, ఒక్కచోట కుదురుకోనిస్తేగా!

లీగ్ నుంచే యూనియన్‌కి మారిన సోనీ బిల్ విలియమ్స్ అలా తొందరపడలేదు. 2008లో ఫ్రాన్స్ క్లబ్ టులోన్‌కి వెళ్లి, అక్కడ పని నేర్చుకుని, 2010లో గానీ న్యూజిలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్‌లోకి రాలేదు.

అసలు కష్టం కింద పడ్డాక మొదలవుతుంది. లీగ్‌లో టాకిల్ అయితే, అంటే ఎదుటివాడు పట్టి పడేస్తే, లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తావు. ఆరో టాకిల్ దాకా బంతి మనదే. యూనియన్‌లో ఆ లెక్కే లేదు. పడగానే ఒళ్లు సాచి బంతిని మనవాళ్ల వైపు పెట్టి వదిలెయ్యాలి. ఈలోగా ఎదుటివాడు వంగి చేతులేస్తాడు. పట్టుకుని ఉంటే పెనాల్టీ, తోడు లేకుండా దూసుకెళ్తే బంతి వాళ్లది. నువ్వు టాకిల్ చేసినా అంతే. ఎదుటివాణ్ణి నేలకి అదిమి ఆలస్యం చేయడం నీకు వెన్నతో పెట్టిన విద్య, అక్కడ వెంటనే వదిలి పక్కకి దొర్లాలి. ఎదుటి జట్టు లీగ్‌లోలా పది మీటర్లు వెనక్కి పోదు గనక, పరుగు ఊపందుకునే చోటూ దొరకదు.

మైదానం అంచున, వింగ్‌లో ఆడేవాడివైతే ఇంత చెప్పేవాణ్ణి కాదు. జేసన్ రాబిన్సన్ 2000లో లీగ్ క్లబ్ విగన్ వదిలి యూనియన్ క్లబ్ సేల్‌లో చేరి, 2003 ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున ట్రై కొట్టాడు, అంటే ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించాడు. ఖాళీ దొరికితే పరిగెత్తడం ఎక్కడైనా ఒకటే.

ఫ్లాంకర్ అంటే మాత్రం ఇవాళే మెడ వ్యాయామాలు మొదలుపెట్టు. రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు దూర్చి తోసుకునే స్క్రమ్ ఉంది కదా, లీగ్‌లో అందులో పేరుకి తల దూర్చేవాడివి, ఇక్కడ నిజంగా తొయ్యాలి. వీలైతే సిడ్నీ క్లబ్‌ల యూనియన్ పోటీ షూట్ షీల్డ్‌లో ఒక సీజన్ ఆడి చూస్తానని అడుగు. రక్, అంటే కింద పడ్డ బంతి కోసం జరిగే ఆ తోపులాట, నేర్పే కోచ్ ఎవరో కూడా కనుక్కో.

కుదరక లీగ్‌కి వెనక్కి రావడం గురించి భయపడకు. ఒకప్పుడైతే లీగ్ డబ్బు ముట్టినవాడికి యూనియన్ తలుపులు మూసేసేది. యూనియన్ వదిలి 1989లో లీగ్ క్లబ్ విడ్నెస్‌కి వెళ్లిన జొనాథన్ డేవిస్, 1995లో యూనియన్ ప్రొఫెషనల్ అయ్యాకే తిరిగి ఆడగలిగాడు. ఇప్పుడు అడ్డం పడేది కాంట్రాక్టు ఒక్కటే. ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఏం కట్టాలి అన్నవి లాయరుకి చూపించు.

అక్కకి ఇప్పుడే చెప్పకు. జెర్సీ సంగతి తేలాక నేనే ఫోన్ చేస్తాను.

మామయ్య