కొత్త లాడ్జ్ పెడుతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీరు కొందరు ఫ్రీమేసన్ బ్రదర్స్ కలిసి కొత్త లాడ్జ్, అంటే మన సంఘానికి కొత్త శాఖ, పెట్టుకునే వారంటు (అనుమతి పత్రం) కోసం పై సంస్థ అయిన గ్రాండ్ లాడ్జ్‌కి అర్జీ పెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు చెప్పలేదు. సరే, ఆ లెక్క తరవాత తేల్చుకుందాం. నిన్ను సంఘంలో చేర్చుకుని మొదటిసారి తెల్ల ఏప్రన్ కట్టిన రోజు ఆ గదిలో నేనున్నాను. ఇప్పుడు ఫౌండర్ల జాబితాలో నీ పేరుందంటే గర్వంగానే ఉంది. కానీ "ఆదర్శ లాడ్జ్ అంటే ఎలా ఉండాలో చూపిస్తాం" అన్నావట. అది విన్నాకే టెన్షన్ మొదలైంది.

నీకు తెలిసినవి వదిలేస్తాను. టైముకి తలుపు వేయండి. రిచువల్ పుస్తకం చూసి చదవకుండా నోటికి నేర్చుకోండి. లెక్కలు ఏటా ఆడిట్ చేయించండి. హాలు చిన్నదని దిగులు వద్దు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జ్ పెట్టుకున్నాయని మనం చెప్పుకునే చోటు, బీరు అమ్మే ఒక దుకాణం. ఆ రోజుల్లో గుర్తులన్నీ నేల మీద సుద్దతో గీసి, పని అయ్యాక తుడిచేసేవాళ్లు. ఆ గుర్తుల్ని బొమ్మగా వేసి ఉంచే ట్రేసింగ్ బోర్డులు తరవాతి సంగతి.

నా భయమల్లా సంఖ్య గురించే. ముగ్గురు లాడ్జ్‌ని నడిపిస్తారు, ఐదుగురు నిలబెడతారు, ఏడుగురో ఇంకా ఎక్కువమందో ఉంటే సంపూర్ణం అని నేర్చుకున్నావు కదా. అందులో నూరు అనే మాట లేదు.

నేనున్న ఒక పాత లాడ్జ్ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పేరు నీకు అక్కర్లేదు. హాజరు పలచబడి, కర్రలు పట్టుకుని అభ్యర్థిని నడిపించే డీకన్లు దొరక్క పాస్ట్ మాస్టర్లే, అంటే మాజీ అధ్యక్షులే, ఆ కర్రలు పట్టుకుని తిరిగే పరిస్థితి వచ్చింది. ఆ ఏడు మాస్టర్ (లాడ్జ్ అధ్యక్షుడు) అయినాయన చురుకైనవాడు, మంచివాడు కూడా. "నా ఏడాదిలో సభ్యుల్ని రెట్టింపు చేస్తాను" అన్నాడు, చేశాడు. ఎలాగంటావా? అభ్యర్థి ఇంటికి వెళ్లి విచారించే అలవాటు మానేశారు. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడి "యోగ్యుడే" అని రాసేసేవాళ్లు. ఒక సాయంత్రం బ్యాలట్ పెట్టె చేతులు మారుతుంటే నా పక్కాయన గొంతు తగ్గించి, "ఇప్పుడు ఎవరికి వేస్తున్నాం?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే ఒప్పుకున్నట్టు తెల్ల గోళీ వేసి పెట్టె నాకందించాడు.

సభ్యుడు ఒక్కొక్కటిగా ఎక్కాల్సిన మెట్లయిన డిగ్రీలూ అంతే. ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలోక్రాఫ్ట్, మాస్టర్ మేసన్ అంటూ వరసగా తోసేశారు. డిగ్రీకీ డిగ్రీకీ మధ్య అడిగే ప్రశ్నలకు డీకన్ చెవిలో జవాబు చెబుతుంటే కొత్తవాడు పెదవులు కదిపేవాడు. ఒకాయన మొదటి ఫెస్టివ్ బోర్డ్‌లోనే (మీటింగు తరవాతి భోజనంలోనే) విజిటింగ్ కార్డులు పంచాడు. ఆయన్ని అని ఏం లాభం? పరిచయాలు పెరుగుతాయని ఆశ పెట్టి తీసుకొచ్చినవాళ్లు మనవాళ్లే. వ్యాపారం కలిసిరాక మరుసటి ఏడు చందా కట్టలేదు.

వచ్చి వెళ్లిపోయినవాళ్ల గురించి నాకు పెద్ద బాధ లేదు. ఆ హడావిడిలో మా పాత ట్రెజరర్ గారు రావడం మానేశారు. కుర్చీలు నిండుగా ఉన్నాయి కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. చందా బకాయి ఉందని సెక్రటరీ నోటీసు పంపాడు. జవాబు ఆయన భార్య రాసింది. ఆయన మంచం దిగడం లేదని, చెక్కు జతచేశానని, ఆలస్యానికి మన్నించమని. సెక్రటరీ దాన్ని లాడ్జ్‌లో చదివి మడిచి పెట్టాడు. అంతమందిలో ఒక్కరూ నోరెత్తలేదు.

ఈ జబ్బు కొత్తది కాదు. 1723లో జేమ్స్ ఆండర్సన్ అచ్చువేయించిన నిబంధనల్లోనే మందుంది: ఒకేసారి ఐదుగురికి మించి చేర్చుకోకూడదు, నెల ముందు లాడ్జ్‌కి తెలిపి అభ్యర్థి పరువు, సమర్థత విచారించాలి, హాజరైన సభ్యులంతా ఒప్పుకోవాలి. మీ గ్రాండ్ లాడ్జ్ రూల్ ఈరోజు ఎలా ఉన్నా, నువ్వు మాత్రం అభ్యర్థి ఇంటికి వెళ్లు. భగవంతుడి మీద నమ్మకముందా, ఎందుకు చేరాలనుకుంటున్నాడు అని అతన్ని అడుగు. ఈ ఖర్చు ఇంటికి భారం కాదు కదా అని అతని భార్యను అడుగు. ఆవిడ మొహంలో కనిపించేది ఏ ఫారంలోనూ ఉండదు.

మతం, రాజకీయం లాడ్జ్‌లో మాట్లాడకూడదని అందరికీ తెలుసు. వాట్సాప్ గ్రూపులో మాత్రం అర్ధరాత్రి దాకా అవే. ఆ గ్రూపుకి కూడా టైలర్‌ను, అంటే లాడ్జ్ తలుపు బయట కాపలా ఉండే అధికారిలాంటివాణ్ణి, పెట్టండి. నవ్వకు, నిజంగానే అంటున్నాను. ఇక నాలాంటి పాస్ట్ మాస్టర్లు వెనక కూర్చుని "మా రోజుల్లో ఇలా కాదు" అంటే మర్యాదగా విని మీ పని మీరు చేసుకోండి.

ఇంకోటి. చిన్నప్పటినుంచీ పదిమంది పనీ నీ నెత్తిన వేసుకుంటావు. ఉద్యోగం, పసిపిల్ల, పైగా సెక్రటరీగిరీనా? వద్దు. కుటుంబానికి ఇవ్వాల్సిన టైము తెచ్చి లాడ్జ్‌లో పోస్తే నేనే వచ్చి చెవి మెలేస్తాను. నువ్వు తిట్టించుకునే వయసు దాటావని తెలుసు, అయినా.

సంతకాలు పెట్టకముందు అర్జీ కాపీ నాకు పంపు. సభ్యుల బాగోగులు చూసే ఆల్మనర్‌గా ఎవరిని అనుకుంటున్నారో ముందు రాయి. మీటింగుకి ఎవరు రాలేదో చూసి, మర్నాడే ఫోన్ చేసే మనిషి కావాలి. జబ్బుపడ్డవాళ్ల ఇంటికీ, పోయినవాళ్ల భార్య దగ్గరికీ ఎవరూ చెప్పకుండానే వెళ్లాలి. ఏడాదికొకరు మారే పదవిలా కాకుండా ఆయన్ని కొన్నేళ్లు కదల్చకండి. అధ్యక్ష కుర్చీలో కూర్చునే వర్షిప్‌ఫుల్ మాస్టర్ ఎవరన్నది తీరిగ్గా చెప్పినా ఫర్వాలేదు.

మీ మామయ్య