పదవీ విరమణ తర్వాత శాసనాలు చదవడం నేర్చుకున్నాను

ఉద్యోగం ముగిశాక యాత్రలు చేస్తే చాలునా, లేక మనసు పెట్టి చేసే పని ఒకటి కావాలా అని మీరు అడిగారు. పని కావాలనే నా అభిప్రాయం. అదీ మనకు అంతకు ముందు తెలియని విద్య అయితే మరీ మంచిది. ప్రొద్దుటూరు ప్రాంతంలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందిన నేను తీర్థయాత్రలూ చేశాను, వాటిలో తృప్తీ పొందాను. కానీ ఇంటికి తిరిగి వచ్చాక రేపు ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు దొరికింది మాత్రం మా జిల్లా శాసనాలలోనే.

ఎర్రగుంట్ల మండలం కలమళ్లలోని గుడి ఆవరణలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు అనే రేనాటి (ఇప్పటి కడప ప్రాంతపు) చోళరాజు కాలపు శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిదైన ఆ శాసనాన్నే ఇప్పటి వరకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు చెబుతారు. ఆ సంగతి పుస్తకంలో చదవడం వేరు, ఆ రాతి ముందు కూర్చొని అక్షరం అక్షరం వెతుక్కోవడం వేరు. అయితే కొత్తవారు అక్కడ మొదలు పెట్టకూడదు. 15, 16 శతాబ్దాల విజయనగర శాసనాల లిపి నేటి లిపికి చాలా దగ్గర కనుక, వాటిని చదివి చేయి తిరిగాక మెల్లగా వెనకటి శతాబ్దాలకు వెళ్లాలి. నేను అలాగే నేర్చుకున్నాను. విజయనగర రాజు సదాశివరాయల కాలంలో క్షౌరవృత్తి చేసేవారికి పన్నులు మాన్పిస్తూ వేయించిన శాసనాలు రాయలసీమలో పలుచోట్ల ఉన్నాయి. సామాన్యుల బతుకు రాతి మీదికి ఎక్కిన అలాంటి శాసనం చదివిన రోజు నాకు పండుగ.

పరికరాలకు పెద్ద ఖర్చు లేదు. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడే వేళకు వెళితే అరిగిన అక్షరాలు కూడా నీడ పోసుకొని తేలతాయి; గుడి లోపలైతే టార్చిలైటు పక్కనుంచి వేసి ఫొటో తీయాలి. అక్షరాలు కనబడడానికి సుద్దముక్కతోనో రంగుతోనో గీతలు దిద్దడం దయచేసి ఎవరూ చేయవద్దు. తడి కాగితాన్ని రాతికి అంటించి, కుంచెతో కొట్టి, ఆరీ ఆరకముందు సిరా అద్ది అచ్చు తీసే పద్ధతి ఒకటి ఉంది కానీ, దాన్ని అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకొని, అనుమతి తీసుకున్న తర్వాతే చేయాలి.

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఊళ్లవారితో ఏర్పడే సంబంధం. రాతి మీద అర్థం కాని అక్షరాలుంటే అక్కడ గుప్తనిధి ఉందని నమ్మి రాళ్లు పగలగొట్టేవారు మా సీమలో నేటికీ ఉన్నారు. ఇందులో ఉన్నది నిధి జాడ కాదు, మీ చెరువుకు ఎవరో ఇచ్చిన మాన్యం సంగతి అని చదివి వినిపిస్తే, ఆ ఊరి పెద్దలే ఆ రాతికి కాపలా కాస్తారు. పెన్షను తీసుకుంటున్న మనిషికి ఇంతకంటే అక్కరకొచ్చే పని నాకు తోచలేదు.

సాహసం కావాలంటే గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి గుట్టకు వెళ్లండి. కర్నూలు జిల్లాలోని ఆ బండల మీద బ్రాహ్మీ అనే ప్రాచీన లిపిలో చెక్కిన అశోకుడి శాసనాలున్నాయి. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. గుండ్ల మధ్య ఎక్కాలి కనుక చలికాలంలో, తోడు ఒకరితో, నీళ్లు పెట్టుకొని వెళ్లడం మంచిది. మోకాళ్లు సహకరించకపోతే కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చొని, ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కాలంలో సేకరించిన ఊరి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిపెట్టిన పత్రాలు, చదవడంతో మొదలు పెట్టవచ్చు. మీ మండలం పేరు రాస్తే, ఆ చుట్టుపక్కల నేను చూసిన శాసనాల వివరాలు తెలియజేస్తాను.