సొంత కంపెనీ పెట్టడానికి తిరిగొస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

విదేశంలో ఉద్యోగం మానేసి వచ్చి ఇక్కడ సొంతంగా కంపెనీ పెడతానన్నావు, చాలా సంతోషం. దాచిన డబ్బుకు లెక్క రాసి పంపావు. అందులో మనుషుల లెక్క లేదు. ఇక్కడ నీకు సరుకు అప్పుగా ఇచ్చేదెవరు, అక్కడ నీ మాట నమ్మి మొదటి ఆర్డర్ ఇచ్చేదెవరు? ముందు అది రాయి.

ఇన్నేళ్లు దూరంగా ఉన్నావు. ఇక్కడివాళ్లకు నువ్వింకా చదువుకునే పిల్లగానే గుర్తు. డిగ్రీ చూసి ఎవరూ అప్పివ్వరు. సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర మొదట చిన్న ఆర్డర్ పెట్టు. డబ్బు ఫలానా రోజు ఇస్తానని చెప్పి, ఆ రోజు పొద్దున్నే, వాళ్లు ఫోన్ చేయకముందే కట్టెయ్యి. రెండోసారీ అంతే. కొన్నిసార్లు అలా జరిగాక నెల గడువు అడిగి చూడు, చాలామంది ఒప్పుకుంటారు. ఆ గడువు కూడా పెట్టుబడే, పైగా వడ్డీ లేనిది. మెషీన్లు కొనడానికీ తొందరపడకు. సగం రోజు మెషీన్ ఖాళీగా ఉంచుకునేవాళ్లు ఉంటారు, గంటల లెక్కన అద్దెకు అడుగు.

ఇక అక్కడి పరిచయాలు. చాలామంది విమానం ఎక్కగానే వాటిని వదిలేసుకుంటారు. చూస్తే బాధేస్తుంది. ఆస్ట్రేలియాలో బ్రూయింగ్ (బీరు తయారీ) చదివొచ్చిన కిరణ్ మజుందార్ షా 1978లో బెంగళూరులో బయోకాన్ అనే బయోటెక్ కంపెనీ పెట్టినప్పుడు బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. తోడు నిలిచింది ఒక ఐర్లండ్ కంపెనీ. బొప్పాయి నుంచి ఎంజైమ్ తీయడంతో మొదలై, తొందరలోనే ఎగుమతుల దాకా వెళ్లారు. అమెరికాలో దశాబ్దాలు పనిచేసిన మోరిస్ చాంగ్ 1985లో తైవాన్ వెళ్లి, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్‌ల తయారీ కంపెనీ స్థాపించాడు. పెట్టుబడిలో దాదాపు సగం తైవాన్ ప్రభుత్వానిది, 27.5 శాతం నెదర్లాండ్స్ కంపెనీ ఫిలిప్స్‌ది. ఫిలిప్స్ డబ్బుతో పాటు టెక్నాలజీ కూడా ఇచ్చింది. నేను మరీ ముఖ్యమనుకునేది ఆ టెక్నాలజీనే.

నువ్వూ అక్కడి పాత పరిచయస్తులను ముందే పెట్టుబడి అడగకు. చిన్న ఆర్డర్ అడుగు, కొంత అడ్వాన్స్ అడుగు. వాళ్లు పక్కన పెట్టేసిన పరికరం ఏదైనా తక్కువకు ఇస్తారేమో కనుక్కో.

బంధువుల డబ్బు తీసుకుంటే అది అప్పో వాటానో ఆ రోజే కాగితం మీద పెట్టు. చనువుంది కదా అని వదిలేస్తే తర్వాత మాటలు పడాలి. భాగస్వామితోనూ అంతే. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే ఏం చేయాలో ముందే రాసుకోండి. ఇంటి ఖర్చుకు ఏడాదిన్నరకు సరిపడా విడిగా దాచు. ఎంత టెన్షన్ వచ్చినా దాన్ని కంపెనీలోకి లాగకు.

మీ బాస్‌తో మాత్రం రాజీనామా ఇచ్చే రోజుల్లోనే ఎదురుగా కూర్చుని ఈ ఆర్డర్, అడ్వాన్స్ విషయం మాట్లాడు. ఇక్కడికొచ్చి ఏడాది తర్వాత మెయిల్ పెడితే అప్పటికి ఆ కుర్చీలో వేరేవాళ్లు ఉండొచ్చు. మాట్లాడే ముందు నీ ఉద్యోగ ఒప్పందం ఓసారి చదువు. బయటికి తీసుకెళ్లకూడనివేంటో, ఎవరితో వ్యాపారం చేయకూడదో అందులో ఉంటుంది. అర్థంకాని పేరాలుంటే అక్కడి లాయర్‌కే చూపించు.

నీ పెదనాన్న