40 గజాల్లో ఉన్న జింక స్కోప్‌లో దొరక్కపోతే

పెన్సిల్వేనియా అడవిలో 40 గజాల్లో జింక నిలబడినా, మీ పాత మార్లిన్ 336 (కింది లీవర్‌ని ఆడించి తూటా ఎక్కించే రైఫిల్) మీదున్న స్కోప్‌లో, అంటే గురిచూసే దుర్భిణిలో, గోధుమరంగు మసక తప్ప ఏమీ కనిపించలేదన్నారు, రెండో తూటా కూడా ఇరుక్కుందన్నారు. తప్పు రైఫిల్‌ది కాకపోవచ్చండీ.

మీ 4-12 స్కోప్ 4 నుంచి 12 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, 4 కంటే తగ్గించలేం. దట్టమైన చెట్ల మధ్య దాంట్లో కనిపించే మేర మరీ చిన్నది. 1-4 స్కోప్ పెట్టించి, నడిచేటప్పుడు 1 మీదే ఉంచండి. మార్లిన్ పేలిన ఖాళీ తూటాని పక్కకి విసురుతుంది కాబట్టి పైన స్కోప్ అడ్డురాదు. ఇలాంటిదే మరో లీవర్ రైఫిల్, పాత వించెస్టర్ 94 అయితే పైకి విసురుతుంది, దానికి ఈ సలహా చెప్పను. నేనైతే పీప్ సైట్‌తోనే (అద్దాల్లేకుండా చిన్న రంధ్రంలోంచి గురిచూసేది) కానిచ్చేస్తాను, కళ్ళు ఇంకా సహకరిస్తున్నాయి మరి.

తూటా ఇరుక్కోవడానికి చాలాసార్లు కారణం లీవర్‌ని భయంభయంగా సగమే తోయడం. ఇంట్లో డమ్మీ తూటాలతో, రైఫిల్ భుజం మీంచి దించకుండా, చివరిదాకా గట్టిగా ఆడించి చూడండి. అలా చేసినా ఇరుక్కుంటే గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవారికి) చూపించండి.

మీరు అడగలేదు కానీ ఇది ముఖ్యం: మీ రైఫిల్‌లో తూటాలు వరసగా నిలవుండే గొట్టం మ్యాగజైన్‌లో ఒక తూటా కొన ముందున్నదాని ప్రైమర్‌కి (తూటాని పేల్చే, వెనకవైపు ఉండే చిన్న బిళ్ళకి) ఆనుకుని ఉంటుంది. కొన సూదిగా, గట్టిగా ఉంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే అదురుకి లోపలే పేలొచ్చు. మీ రైఫిల్ థర్టీ-థర్టీ (.30-30) సైజు తూటాలదైతే, మొన బల్లపరుపుగా ఉన్న 150 లేదా 170 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాలే కొనండి. అవి పొదల్ని చీల్చుకుని నేరుగా వెళ్తాయన్న మాట మాత్రం నమ్మకండి, చిన్న కొమ్మ తగిలినా దారి తప్పుతాయి.