సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: టెక్సస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు చూసుకోవాల్సినవి

ఉద్యోగంలో చేరి ఏడాది తిరిగేసరికి మన కుర్రాళ్ళలో చాలామందికి వచ్చే సందేహం ఒకటే: ఇరవై వేల డాలర్లలో మంచి మస్టాంగ్ దొరుకుతుందా? దొరుకుతుంది. కానీ కారు ధర అడిగే ముందు దాని ఇన్సూరెన్స్ ఎంతో అడగండి. పాతికేళ్ళు నిండని వయసు, అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేకపోవడం, పెద్ద వీ8 ఇంజను, ఈ మూడూ కలిస్తే ఆరునెలల ప్రీమియం చూసి గుండె జారుతుంది. అమ్మకం ప్రకటనలో విన్ నంబరు (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉంటుంది, లేకపోతే అమ్మేవాళ్ళని అడిగితే ఇస్తారు. ఆ పదిహేడు అక్షరాల నంబరుతో కనీసం మూడు కంపెనీల దగ్గర కొటేషన్ తీసుకోండి. ఇండియాలో లైసెన్సు ఉన్న సంవత్సరాల్ని లెక్కలోకి తీసుకుంటారేమో ప్రతి కంపెనీనీ విడిగా అడగాలి. కొన్ని తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. టెక్సస్‌లో చట్టప్రకారం ఉండాల్సిన కనీస లయబిలిటీ 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకి 30 వేలు, ఒక ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి 25 వేలు. ఇక్కడ ఆసుపత్రి ఖర్చుల ముందు అది ఏమూలకీ చాలదు, 100/300/100 కన్నా తక్కువ తీసుకోకండి. ఆ లెక్కతోనే కారు ఎంచుకోండి.

అప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. క్రెడిట్ హిస్టరీ ఏడాది కూడా లేకపోతే డీలర్ చెప్పే వడ్డీకి తల ఊపకండి, ముందే ఏదైనా క్రెడిట్ యూనియన్ దగ్గర ప్రీ అప్రూవల్ తెచ్చుకోండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకోటి ఆలోచించుకోవాలి. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మామూలుగా 60 రోజుల గడువు. ఆ గడువులో అప్పున్న కారు అమ్మడం, అప్పులేని కారు అమ్మినంత తేలిక కాదు. ఎడమ స్టీరింగ్ కారుని ఇండియా తీసుకెళ్ళి నడుపుకుందామన్న ఆలోచన కూడా పెట్టుకోకండి.

ఇక ఏ కారు? ప్రతి మోడల్‌కీ తెలిసిన జబ్బు ఒకటుంటుంది. ఆ జబ్బు ఏ సంవత్సరం కార్లలో ఉందో తెలిసినవాడికే మంచి బేరం దొరుకుతుంది.

ఒంటరిగానో జంటగానో ఉండేవాళ్ళకి మాజ్డా మియాటా లాంటిది మరొకటి లేదు. ఇప్పుడున్న తరం 2016 మోడల్‌తో మొదలైంది. 2018 దాకా 155 హార్స్ పవర్, 2019 నుంచి 181. మొదటి సంవత్సరాల మాన్యువల్ కార్లలో గేరుబాక్సు పాడైన సందర్భాలు బాగా ఉన్నాయి, అందుకే గేరుబాక్సు మార్చారా, మార్చిన రసీదు ఉందా అని అడగండి. మార్చి ఉంటే అది మంచి విషయమే. బట్ట టాప్ మడతల దగ్గర చిరుగులు చూడండి. టాప్ వెనక నీళ్ళు దిగే రంధ్రాలు ఆకులతో పూడుకుపోతే నీళ్ళు లోపలికి దిగుతాయి, సీట్ల వెనక కార్పెట్ చేత్తో నొక్కితే తడి తెలుస్తుంది. సీట్లు రెండే కాబట్టి పిల్లలున్న ఇంటికి ఇదొక్కటే కారుగా పనికిరాదు.

వెనక సీటు పేరుకైనా ఉండాలంటే సుబారు బీఆర్‌జెడ్, లేదా దాని తోబుట్టువు టయోటా 86 (2016 దాకా ఇక్కడ దీన్ని సయాన్ ఎఫ్ఆర్-ఎస్ పేరుతో అమ్మారు). మొదటి తరంలో 2013 మోడల్ కొనేటప్పుడు జాగ్రత్త. వాల్వ్ స్ప్రింగులు విరుగుతున్నాయని 2018లో రీకాల్ వచ్చింది, అంటే లోపాన్ని కంపెనీయే ఉచితంగా సరిచేసి ఇస్తుంది. ఆ పనికి ఇంజను బయటికి తీసి ముందుభాగం విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు సీలెంట్ ఎక్కువ పూస్తే ఆ ముక్కలు ఊడి ఆయిల్ దారిలో అడ్డుపడతాయి, బేరింగులకి ఆయిల్ అందక ఇంజను పట్టేస్తుంది. రీకాల్ పని అయ్యాక కొద్ది వేల మైళ్ళకే ఇంజన్లు పోయిన కార్లున్నాయి. కాబట్టి రీకాల్ ఎప్పుడు చేయించారు, ఆ తర్వాత ఎన్ని మైళ్ళు తిరిగింది అన్నవి కనుక్కోండి. ఇరవై ముప్పై వేల మైళ్ళు నిశ్చింతగా తిరిగి ఉంటే భయపడక్కర్లేదు. ఈ గొడవంతా వద్దనుకుంటే 2014 మోడల్ నుంచి వచ్చినవి చూడండి.

మస్టాంగే కావాలంటే అందరూ వదిలేసేది ఒకటుంది: 2015 నుంచి 2017 దాకా వచ్చిన 3.7 లీటర్ల వీ6. టర్బో లేదు, 300 హార్స్ పవర్ ఉంది, వీ8 ఇంజనున్న జీటీ కాదు కాబట్టి ధర తక్కువ. అదే సంవత్సరాల జీటీ 435 హార్స్ పవర్. కొత్త ఊళ్ళో, వాన పడ్డ ఫ్రీవే మీద, రియర్ వీల్ డ్రైవ్‌కి అలవాటు పడేదాకా 300 చాలు. మస్టాంగుల్లో ఒకప్పుడు అద్దెకు తిరిగినవి ఎక్కువ, చరిత్ర రిపోర్టులో 'రెంటల్' అని ఉందేమో చూసుకోండి. అద్దె కారు వద్దనేమీ లేదు, ధర మాత్రం తగ్గాలి.

నిస్సాన్ 370జెడ్ మాన్యువల్‌లో క్లచ్ స్లేవ్ సిలిండర్ గేరుబాక్సు లోపల ఉంటుంది, అది లీకవుతుంది. క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోయి పైకి రాకపోతే అదే కారణం. భాగం ఖరీదు పెద్దది కాదు, గేరుబాక్సు దించే కూలీయే పెద్దది. పోర్షా బాక్‌స్టర్, కేమన్ మీద మనసుంటే 2009కి ముందువి ఐఎంఎస్ బేరింగ్ (ఇంజను లోపల ఒక షాఫ్టుని మోసేది, అది విరిగితే ఇంజనే పోవచ్చు) భయం ఉన్నవి, 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజనులో ఆ బేరింగే లేదు. పోర్షాలో ఇంకో మంచి సదుపాయం ఉంది. నాలుగులో పడాల్సిన గేరు పొరపాటున రెండులో పడి ఇంజను హద్దుమీరి తిరిగితే దాని కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. తెలిసిన వర్క్‌షాపులో ఆ ఓవర్ రెవ్ రిపోర్టు తీయించకుండా మాన్యువల్ పోర్షా కొనకండి.

కారు నచ్చాక, చూడ్డానికి వెళ్ళకముందే, విన్ నంబరుతో ఇంట్లో కూర్చుని చేయాల్సిన పనులున్నాయి. ఇన్సూరెన్స్ మోసాల్ని పట్టే ఎన్ఐసీబీ సంస్థ విన్‌చెక్‌లో దొంగతనం, సాల్వేజ్ (బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేసిన కారు) రికార్డు ఉచితంగా తెలుస్తుంది. ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో పెండింగ్ రీకాల్స్ తెలుస్తాయి. తర్వాత డబ్బిచ్చి కార్‌ఫాక్స్ గానీ ఆటోచెక్ గానీ చరిత్ర రిపోర్టు తీయండి. రిపోర్టు శుభ్రంగా ఉన్నంత మాత్రాన కారు శుభ్రం అనుకోకండి, ఇన్సూరెన్సుకి చెప్పకుండా సొంత డబ్బుతో బాగుచేయించుకున్న ప్రమాదాలు అందులోకి ఎక్కవు. టైటిల్ అంటే కారు యాజమాన్య పత్రం. రీబిల్ట్ టైటిల్ కారు, అంటే సాల్వేజ్ అయ్యాక మళ్ళీ బాగుచేసింది, మూడోవంతు తక్కువకి కనిపిస్తే ఆశపడకండి. చాలా బ్యాంకులు దానికి అప్పివ్వవు, కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు లయబిలిటీ తప్ప ఇంకేమీ ఇవ్వవు, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడూ ఇదే ఆలోచిస్తాడు.

టెక్సస్‌లో వరద కార్లు ఉంటాయి. 2017 హార్వీ తుఫానులో హ్యూస్టన్‌లో లెక్కలేనన్ని కార్లు మునిగాయి. పక్క రాష్ట్రాల్లో మునిగినవీ ఇక్కడికి వస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. సాధారణంగా లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి అడుగుభాగంలో బురద చార ఉంటే వెనక్కి వచ్చేయండి. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంతలో ఇసుక, ఇవీ అదే చెప్తాయి. వడగళ్ళ దెబ్బ తిన్న కారు మాత్రం వేరే లెక్క. బానెట్ మీద, రూఫ్ మీద చిన్న చిన్న గుంటలు తప్ప ఇంజనుకేమీ కాకపోతే, టైటిల్ క్లీన్‌గా ఉంటే, డాలస్ చుట్టుపక్కల దొరికే మంచి బేరాల్లో అదొకటి. ఆ గుంటలు ముందే ఉన్నాయి కాబట్టి వాటికి మళ్ళీ క్లెయిమ్ రాదని గుర్తుంచుకోండి.

చూడ్డానికి పగలు వెళ్ళండి, వానలో వద్దు. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారేమో అడగండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకరు నిలబడాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెల్లపొగ కూలెంట్ లోపలికి పోతోందని అర్థం. చలికాలంలో మొదటి రెండు నిమిషాల ఆవిరిని చూసి కంగారు పడొద్దు. కారు కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ ఇరవై ముప్పై డాలర్లకి దొరుకుతుంది, వెంట తీసుకెళ్ళండి. ఎర్రర్ కోడ్ ఏమీ లేకపోవడం ఒక్కటే చాలదు, కారు తన భాగాల్ని తానే పరీక్షించుకోవడం పూర్తయిందా అని చెప్పే రెడీనెస్ మానిటర్లు చూడాలి. రెండు మూడు 'నాట్ రెడీ' అని చూపిస్తే నిన్నో మొన్నో కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. అలాంటి కారు డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ కాలుష్యం) పరీక్ష కూడా దాటదు. 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ ఈ కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి రేసు సైలెన్సర్ పెట్టిన కార్లు అక్కడే ఆగిపోతాయి.

టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి, అందుకే టైర్లు అరగవు, ముదిరిపోతాయి. ఆరేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే, సెట్టుకి ఎనిమిది వందల నుంచి పదిహేను వందల డాలర్లు లెక్క వేసుకోండి. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ప్రతి ప్యానెల్ మీదా పెట్టండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా వంద నుంచి నూట యాభై మైక్రాన్లు ఉంటుంది. ఒక్క తలుపే మూడు వందలు చూపిస్తే అక్కడ పని జరిగింది. నడిపేటప్పుడు క్లచ్ పరీక్ష ఇలా: నాలుగో గేరులో, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. సూది పైకి లేచి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు గరగర వస్తే గేర్లని సాఫీగా కలిపే సింక్రో అరిగింది. ఇండియాలో గేర్లు మార్చిన చేతులకి ఇది తెలియడం కష్టం కాదు, కాకపోతే ఇక్కడ కుడిచేత్తో మార్చాలి.

ఇవన్నీ బాగున్నాక కూడా ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ మానకండి. నూట యాభై నుంచి మూడు వందల డాలర్లు అవుతుంది. మెకానిక్‌ని మీరే ఎంచుకోండి, అమ్మేవాడు చెప్పినవాడు వద్దు, ఆ బ్రాండు పని రోజూ చేసేవాడైతే మంచిది. కారు లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద చూడాలి, కంప్రెషన్ పరీక్ష కావాలంటే విడిగా అడగాలి. ఇన్‌స్పెక్షన్‌కి ఒప్పుకోని అమ్మకందారుతో ఇంకొక్క నిమిషం కూడా మాట్లాడక్కర్లేదు.

బేరానికి ఆ రిపోర్టే ఆధారం. టైర్లకింత, బ్రేకు డిస్కులకింత, ఆయిల్ లీకుకింత అని కాగితం మీద కూడి చూపించండి. ఊరికే రెండు వేలు తగ్గించమంటే ఇక్కడ వినరు, లెక్క చూపిస్తే వింటారు. ధర అంచనాకి ప్రకటనల్లో అడిగే రేట్లు కాదు, అమ్ముడుపోయిన రేట్లు చూడాలి. బ్రింగ్ ఎ ట్రైలర్, కార్స్ అండ్ బిడ్స్ లాంటి వేలం సైట్లలో పాత ఫలితాలన్నీ ఉంటాయి. టాప్ తెరిచే కార్లు చలి రాష్ట్రాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చవక, కానీ ఒహాయో, మిషిగన్ కార్ల అడుగున ఉప్పు తుప్పు చూడకుండా తేవొద్దు.

డీలర్ దగ్గరైతే పన్నులు, ఫీజులు అన్నీ కలిపిన అవుట్ ది డోర్ ధర రాతపూర్వకంగా అడగండి. అద్దం మీద అంటించిన బయర్స్ గైడ్‌లో 'యాజ్ ఈజ్' గడిలో టిక్కు ఉంటే షోరూం దాటాక రిపేరంతా మీదే. దుకాణాల్లో ఏది కొన్నా తిరిగి ఇచ్చేసే అలవాటుతో కారు కూడా మూడు రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని మనవాళ్ళు అనుకుంటారు. అలాంటి హక్కు లేదు.

నేరుగా మనిషి దగ్గర కొంటే టైటిల్ మీద పేరు, అతని లైసెన్సు మీద పేరు ఒకటే కావాలి. వేరే పేరుంటే అతను లైసెన్సు లేని దళారీ అయ్యుండొచ్చు. టైటిల్ మీద లీన్ (తీరని అప్పుకి బ్యాంకు హక్కు) ఉంటే ఆ బ్యాంకు బ్రాంచిలోనే కలిసి అప్పు తీర్పించండి. లీన్ లేకపోతే మీ బ్యాంకులో కలిసి, అతని ఎదుటే క్యాషియర్స్ చెక్ (బ్యాంకే హామీ ఉండి ఇచ్చే చెక్కు) రాయించండి. చూడని కారుకి అడ్వాన్సు పంపొద్దు. వీలైతే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళండి. ఇద్దరి సంతకాలతో టైటిల్ మార్పు దరఖాస్తు ఫారం 130-యూ, టైటిల్, ఇన్సూరెన్స్ కాగితం కావాలి, 30 రోజుల లోపు మార్పించుకోవాలి. పన్ను 6.25 శాతం, అయితే కొన్న ధర మీదే వేస్తారనుకోకండి. కారు ప్రామాణిక విలువలో 80 శాతం కన్నా మీ ధర తక్కువైతే ఆ 80 శాతం మీద వేస్తారు. విలువ 20 వేలు, మీరు కొన్నది 13 వేలకి అనుకోండి, పన్ను 16 వేల మీద, అంటే వెయ్యి డాలర్లు. కారు దెబ్బతిని ఉండి తక్కువకి కొంటే సర్టిఫైడ్ అప్రైజల్ చేయించి దాఖలు చేయొచ్చు.

నేరుగా మనిషి దగ్గర కొంటే పాత నంబరు ప్లేట్లు టెక్సస్‌లో మామూలుగా అమ్మినవాళ్ళే తీసేసుకుంటారు, కొత్తవి మీ పేరు మీద వస్తాయి. వచ్చిన రోజే టోల్‌ట్యాగ్ ఖాతాలో ప్లేటు నంబరు మార్చండి, లేకపోతే బిల్లులు ఎక్కువ రేటుతో ఇంటికి వస్తాయి. మొదటి వారంలోనే ఇంజను ఆయిల్, గేరుబాక్సు ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించి, రసీదులు పాత ఓనరు ఇచ్చిన రిపేరు కాగితాల ఫైల్లోనే పెట్టండి.