లెన్సు కోసం నాలుగు లక్షల అప్పు వద్దు, ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 34. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. చేతికి రూ.32 వేలు వస్తుంది. మావారికి ఎలక్ట్రికల్ రిపేరు షాపు ఉంది. నెలను బట్టి రూ.22 వేల నుంచి రూ.30 వేల దాకా తెస్తారు. ఆరేళ్ల పాప ఉంది. మామయ్యగారు మాతోనే ఉంటారు, ఆయనకు షుగరు. ఇంటి ఖర్చు రూ.41 వేలు. సెలవుల్లో ఉప్పలపాడు వెళ్లి పక్షుల ఫొటోలు తీస్తాను. కుక్కలు, పిల్లుల బొమ్మలు వాటర్‌కలర్‌లో వేస్తాను. కాగితపు గుజ్జుతో గుడ్లగూబలు, ఏనుగులు చేస్తాను. కిందటేడాది రూ.1.42 లక్షల అమ్మకాలు జరిగాయి. బ్యాంకు 14 శాతం వడ్డీకి 48 నెలల పర్సనల్ లోన్ రూ.4 లక్షలు ఇస్తానంటోంది. దాంతో పెద్ద జూమ్ లెన్సు (రూ.1.75 లక్షలు), కొత్త కెమెరా (రూ.1.20 లక్షలు), ఫొటో ప్రింటరు (రూ.85 వేలు), ట్రైపాడ్ (రూ.20 వేలు) కొని, ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేయాలని ఉంది. ఎఫ్‌డీ రూ.90 వేలు, బంగారం 9 కాసులు ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ రూ.38 వేలు, మినిమమ్ కడుతున్నాను. నెలకు రూ.2 వేల మ్యూచువల్ ఫండ్ సిప్, పాపకు సుకన్య ఖాతా నడుస్తున్నాయి. వైద్య బీమా కాలేజీ ఇచ్చిన రూ.3 లక్షలదే. లోన్ తీసుకోనా, బంగారం పెట్టనా?

సమాధానం: రెండూ వద్దు. ఉద్యోగం ఇప్పుడు మానేయడమూ వద్దు. మీ పని బాగాలేదని కాదు ఈ మాట. చేతిపని అమ్మడం మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. వచ్చిన డబ్బును లాభం అనుకుంటున్నారు. ఆ లాభాన్ని నమ్ముకుని అప్పుకు సిద్ధపడుతున్నారు. ఈలోగా ఇంట్లో ఒక చిన్న కుదుపు వస్తే తట్టుకునే డబ్బు లేదు.

మీరు పంపిన లెక్కల కాగితం దగ్గరపెట్టుకుని చూద్దాం. ఏ3 ఫొటో ఒకటి రూ.1,800కి అమ్మారు. ల్యాబ్‌లో కాటన్ పేపరు మీద ప్రింటుకు రూ.450 పోగా రూ.1,350 మిగిలిందని రాశారు. అదే కాగితం వెనకవైపు వేరే ఖర్చులున్నాయి: మౌంట్ బోర్డు రూ.120, ఫ్రేము రూ.500, ప్యాకింగు రూ.90, కొరియరు రూ.140. అన్నీ కలిపితే ఖర్చు రూ.1,300. మిగిలింది రూ.500. ఇది ఇన్‌స్టాగ్రామ్ ఆర్డరు సంగతి. విజయవాడ ఎగ్జిబిషన్‌కు ఫొటోలు మాత్రమే తీసుకెళ్లారు. మూడు రోజుల స్టాలుకు రూ.9,000, రాకపోకల ఆటోలకు రూ.1,800 అయింది. 22 ఫొటోలు పోయాయి. కొరియరు ఖర్చు లేదు కాబట్టి ఒక్కోదానిమీద రూ.640 మిగలాలి. స్టాలు, ఆటో ఖర్చు ఒక్కోదానికి రూ.491 పడింది. చివరికి చేతిలో నిలిచింది ఫొటోకు రూ.149.

ఇలాగే మొత్తం కడితే, స్టాలులో అమ్మిన 22 ఫొటోల మీద రూ.3,278, ఆన్‌లైన్‌లో అమ్మిన 18 మీద రూ.9,000 వచ్చింది. గుజ్జుబొమ్మలు ఒక్కోటి రూ.500 చొప్పున 90 అమ్మారు. రంగులు, వార్నిష్, ప్యాకింగు, కొరియరు కలిపి ఒక్కోదానికి రూ.280. దారిలో పగిలి మళ్లీ పంపినవి ఏడు. అవి తీసేస్తే మిగిలింది రూ.17,840. ఇక పెంపుడు కుక్కలు, పిల్లుల బొమ్మలు పది. ఒక్కోటి రూ.2,500. కాగితం, రంగులు, ప్యాకింగు, కొరియరు అన్నీ కలిపి రూ.350 దాటలేదు. అక్కడ రూ.21,500 మిగిలింది. మొత్తం ఏడాది లాభం రూ.51,618. నెలకు నాలుగు వేల మూడు వందలు. అది కూడా మీరు కూర్చున్న గంటలకు కూలి వేసుకోకుండా.

మీ లోన్ ఈఎంఐ దాదాపు రూ.10,930. మొదటి ఏడాది కట్టే కిస్తుల్లో వడ్డీ వాటా ఒక్కటే రూ.51 వేలు. అంటే ఏడాదంతా మీరు గీసినదీ తీసినదీ చేసినదీ మొత్తం బ్యాంకు వడ్డీకే సరి. అసలు తీర్చడానికి మళ్లీ జీతమే కావాలి, ఆ జీతాన్నేమో మీరు వదులుకుంటానంటున్నారు.

ఉద్యోగం మానేసిన మొదటి నెల ఎలా ఉంటుందో చూడండి. మీవారికి షాపు మందంగా ఉండి రూ.22 వేలే వచ్చాయనుకుందాం. ఇంటి ఖర్చుకు రూ.19 వేలు తక్కువ. ఈఎంఐ కలిపితే దాదాపు రూ.30 వేలు తక్కువ. మీ అమ్మకాలన్నీ అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా జరిగినవే. ఏప్రిల్ నుంచి జులై వరకు కాగితంలో ఒకటీ అరా ఆర్డర్లు తప్ప ఏమీ లేవు. ఎండాకాలంలో మానేస్తే మీ రూ.90 వేల ఎఫ్‌డీ సరిగ్గా మూడు నెలలు వస్తుంది. నాలుగో నెల ఏమిటి? కార్డు గీకుతారు. బాకీ ఇంతకంటే పెరుగుతుంది.

కార్డు సంగతి ముందు తేల్చాలి, ఈ వారంలోనే. మీ కార్డు నెలకు మూడున్నర శాతం వేస్తోంది. రూ.38 వేల మీద రూ.1,330, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపి రూ.1,569. మీరు కట్టే మినిమమ్ రూ.1,900లో అసలుకు చేరేది మూడు వందల చిల్లర. పైగా బాకీ నడుస్తున్నంత కాలం కొత్తగా కొన్న సరుకుల మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అటు ఎఫ్‌డీలో డబ్బు ఉంచుకుని ఇటు ఈ వడ్డీ కట్టడంలో అర్థం లేదు. ఎఫ్‌డీలోంచి రూ.38 వేలు తీసి కార్డు మొత్తం కట్టేయండి. ముందుగా తీసినందుకు బ్యాంకు కోసుకునే వడ్డీ ఈ నష్టం ముందు లెక్కలోకి రాదు. కొత్త లెన్సును ‘నో కాస్ట్ ఈఎంఐ’లో తీసుకుంటాననే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్‌టీ మీ నెత్తినే పడతాయి. ఒక్క కిస్తు తప్పితే మళ్లీ ఈ మూడున్నర శాతమే.

ఇక మిగిలిన రూ.52 వేలు మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక. మీ ఇంటికి కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2.46 లక్షలు. ఈఎంఐ కట్టగలనని మీరే అంటున్నారు కదా, ఆ రూ.11 వేలను బ్యాంకుకు కాకుండా మీ పేరిటే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా పెట్టండి. 18 నెలల్లో రూ.1.98 లక్షలు, ముందున్న రూ.52 వేలతో కలిపి రూ.2.50 లక్షలు. వడ్డీ అదనం. సిప్, సుకన్య ఆపకండి, పెంచకండి.

ఈ డబ్బును వేరే బ్యాంకులో, డెబిట్ కార్డు లేని ఖాతాలో పెట్టండి. చేతికి అందుబాటులో ఉంటే రంగుల పెట్టెకో, సంక్రాంతి స్టాలుకో పోతుంది. చీటీ కట్టి అదే నిధి అనుకోవద్దు. అవసరం పడ్డ నెలలో నష్టానికి పాడి ఎత్తుకోవాల్సి వస్తుంది, అదీ పాట మీకు దక్కితేనే. కావాలన్నప్పుడు త్వరగా తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లో కొంత ఉంచుకోవచ్చు. షేర్లలో మాత్రం వద్దు. ‘బంగారం ఉంది కదా, అదే నిధి’ అని చాలా ఇళ్లలో అంటారు. ఆపదలో బంగారం ఆదుకుంటుంది, నిజమే. కానీ దాన్ని లెన్సు కోసం తాకట్టు పెట్టాక మామయ్యగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పెట్టడానికి ఏం మిగులుతుంది? మీ 9 కాసులు కదల్చకండి.

సొంతంగా పని చేసుకునే వాళ్లకు ఆరు నెలలు కూడా చాలవు. ఉద్యోగం మానే రోజుకు తొమ్మిది నెలల ఖర్చు, అంటే రూ.3.69 లక్షలు, పక్కన ఉండాలి. దీనిలో రాయితీ లేదు.

వైద్య బీమా కూడా ఈ నిధితో ముడిపడిందే. ఉద్యోగం వదిలాక కాలేజీ ఇచ్చిన బీమా పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది కానీ ప్రీమియం, షరతులు కంపెనీ నిర్ణయించేవే. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే మీ ముగ్గురికీ కలిపి ఒకే పాలసీగా రూ.10 లక్షల ఫ్లోటర్ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వని కాలం) మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఇప్పుడు మొదలుపెడితే మీరు మానేసే నాటికి అందులో కొంత గడిచిపోతుంది. మామయ్యగారిని ఆ ఫ్లోటర్‌లో కలపవద్దు, ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి కడతారు. ఆయనకు విడిగా సీనియర్ సిటిజన్ పాలసీ చూడండి. షుగరు సంగతి ఫారంలో తప్పక రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత వైద్య, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్‌టీ లేదు. మీ ఇద్దరికీ టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా, ఉండాలి. మీ కుడిచెయ్యి మీ పెట్టుబడి. చెయ్యి విరిగి పని ఆగితే వారానికి ఇంత అని ఇచ్చే క్లాజు ఉన్న వ్యక్తిగత ప్రమాద బీమా చూసుకోండి. ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందని దాన్ని వదిలేయకండి, అందులో ఈ వారపు చెల్లింపు లేదు.

ఇప్పుడు మీ సామాను. నిజంగా మీకు పెద్ద లెన్సు కావాలా? ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గట్టుకు దగ్గరగానే చెట్ల మీద గూళ్లు కడతాయి. మీ దగ్గరున్న 300 ఎం.ఎం. లెన్సు అక్కడికి సరిపోతుంది. దూరం సమస్యయ్యేది పులికాట్ సరస్సులో ఫ్లెమింగోల దగ్గర. అక్కడికి మీరు వెళ్లేది ఏడాదికి నాలుగు రోజులు. విజయవాడలో లెన్సు అద్దె రోజుకు రూ.1,200 అని మీరే రాశారు. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ కలిపి ఏడాదికి 12 రోజులు తెచ్చుకున్నా రూ.14,400. కొత్త కెమెరా అవసరమూ కనబడదు. ఏ3 సైజుకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కావలసింది 3508 × 4961 పిక్సెళ్లు, అంటే పదిహేడున్నర మెగాపిక్సెళ్ల లోపే. మీది 24. ఫొటోను మరీ కత్తిరించకుండా ఉంటే చాలు.

ప్రింటరు అసలే వద్దు. ఏడాదికి 40 ప్రింట్లకు ఆ యంత్రం పనికిరాదు. వారానికి ఒకటైనా తీయకపోతే హెడ్‌లో పిగ్మెంట్ ఇంకు గడ్డకడుతుంది. క్లీనింగ్ పెట్టిన ప్రతిసారీ అన్ని రంగుల ఇంకూ కాస్త కాస్త ఖర్చవుతుంది. హెడ్ పోతే మరమ్మతు వేలల్లో ఉంటుంది. ల్యాబే మేలు.

మీ లెక్కల్లో అన్నిటికంటే ఎక్కువ మిగిల్చినవి కుక్కలు, పిల్లుల బొమ్మలు. వాటికి లెన్సు అక్కర్లేదు, యజమాని ఫోనులో తీసి పంపిన ఫొటో చాలు. ధర రూ.3,000 చేయండి. సగం అడ్వాన్సు తీసుకున్నాకే పెన్సిల్ గీత మొదలుపెట్టండి. వడ్డీ లేని పెట్టుబడి అంటే ఆ అడ్వాన్సే. నెలకు మూడు బొమ్మలు వస్తే కిందటేడాది లాభమంతటికీ దాదాపు రెట్టింపు ఈ ఒక్క పనిమీదే వస్తుంది. గుజ్జుబొమ్మలు పగలడానికి కారణం చాలావరకు లోపలి తడి. వానాకాలంలో నాలుగైదు రోజులు ఆరబెట్టినా నడుమ తడి మిగిలి, వార్నిష్ కింద బూజు పట్టి, పొర లేచిపోతుంది. బొమ్మను తూకం వేసి చూడండి. వరసగా రెండు రోజులు బరువు మారకపోతేనే రంగు వేయండి. పంపేటప్పుడు పెట్టెలో పెట్టె పెట్టి, మధ్యలో రెండంగుళాలు కాగితం కుక్కండి. మీ ఖర్చుల్లో ‘ముంగిస కుంచెలు 4’ అని ఉంది. అవి వెంటనే మానేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ముంగిస రక్షిత జంతువు, దాని వెంట్రుకల కుంచెలు అమ్మడమూ కొనడమూ నేరం. సింథటిక్ కుంచెలు ఆ పని చేస్తాయి.

ఉన్న కెమెరాకే బీమా చేయించండి. ఫొటోలు అమ్ముతున్నారు కాబట్టి ప్రపోజల్ ఫారంలో ఆ మాట రాయాలి. సొంత వాడకమని రాసి తర్వాత క్లెయిము అడిగితే తిరస్కరించొచ్చు. రూ.1 లక్ష విలువైనదాన్ని రూ.50 వేలకే బీమా చేస్తే రూ.20 వేల నష్టానికి రూ.10 వేలే ఇస్తారు. మనిషి లేని కారులోంచి పోతే చాలా పాలసీలు ఇవ్వవు. లెన్సులో ఫంగస్ కూడా బీమాలోకి రాదు. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ మీటరు చాలు, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. సీరియల్ నంబరు, మీ పేరిట ఉన్న బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం పెట్టిన ముద్రా రుణాల్లో శిశు కింద రూ.50 వేల వరకు దొరుకుతుంది. అదీ అప్పే, ఇప్పుడు అక్కర్లేదు.

రూ.2.50 లక్షలు నిండి, వరసగా పన్నెండు నెలలు నెలకు మూడు బొమ్మల ఆర్డర్లు వచ్చాక, ఆ లాభంతో లెన్సు పాతది నగదుకే కొనుక్కోండి. కొనేముందు వెనకవైపు నుంచి టార్చి వేసి, అద్దాల్లో సాలెగూడు లాంటి తెల్ల పోగులు ఉన్నాయేమో చూడండి. జూమ్ రింగు చివరి దాకా తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందా గమనించండి. జూమ్‌ను కొసన పెట్టి పదిహేను ఇరవై ఫొటోలు తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒరిజినల్ బిల్లు లేని లెన్సు ఎంత చౌకగా ఇస్తానన్నా తీసుకోవద్దు.